బుడ్డి అడుగున పిడికెడు

తుపాకీ పేలితే వచ్చే చప్పుడు అప్పటికే నా చెవికి అలవాటైంది. ఆ మధ్యాహ్నం వచ్చింది ఆ చప్పుడు కాదు. ఇనుప బీరువా తలుపును ఎవరో ఎత్తు మీదనుంచి బండ మీదికి పడేసినట్టు, పొడిగా, పగిలినట్టు వచ్చింది. నేను ఖర్జూర చెట్ల నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాను. తలెత్తి చూసేసరికి గురి కోసం గాలిలోకి ఎగరేసిన మట్టి పళ్ళెం చెక్కుచెదరకుండా పోయి అవతల ఇసుకలో పడింది. ముసలాయన నిలబడే ఉన్నాడు. తుపాకీ మడమ ఆయన భుజానికి ఆనించినట్టే ఉంది. ఎడమచేతి మీద ఆనాల్సిన గొట్టం మాత్రం మధ్యలో చీలి, రెండు పక్కలకూ విచ్చుకుని ఉంది.

"బాబా!" అని అరుస్తూ వంటాయన పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తాడు. చేతిలో గరిటె అలాగే ఉంది. దగ్గరికి వెళ్ళాక దాన్ని పారేసి, తన తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి ఆయన ఎడమచేతికి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిన మేరకు గుడ్డ ఎర్రబడిపోతోంది. ముసలాయన ముఖంలో నొప్పి లేదు, ఆశ్చర్యం ఉంది. కళ్ళద్దాల్లో ఒక అద్దం లేదు. ఆ పక్క కన్ను మూసుకుపోయి చెంప మీదికి రక్తం కారుతోంది. ఆయన తన చేతిని కాకుండా, వంటాయన ముఖాన్ని కాసేపు చూసి, హిందీలో నెమ్మదిగా అన్నాడు:

"సదీఖ్, అన్నం మాడుతోంది. పోయి చూడు."

అన్నం నిజంగానే మాడుతోంది. వాసన నా దాకా వచ్చింది. ఎవరూ వెళ్ళలేదు. ముసలాయన పెద్దకొడుకు కారును చెట్ల మధ్యనుంచే వెనక్కి తెచ్చాడు. ఆయన్ను ఎక్కించుకుని ఇంటివాళ్ళంతా పోయిన తర్వాత తోటలో నేనూ, వంటాయనా మిగిలాం. అతను పొయ్యి ఆర్పి, గిన్నె దించి, ఆ మాడిన అన్నాన్ని చాలాసేపు గీకుతూ కూర్చున్నాడు.

ఆ తోట ఖతర్‌లో అల్ ఖోర్ దాటి, అల్ రువైస్ వైపు పోయే దారిలో, రోడ్డుకు లోపలగా ఉంటుంది. ముసలాయనది. చలికాలంలో సెలవురోజుల్లో ఇంటిల్లిపాదీ అక్కడికి చేరేవారు. నేను ఆయన కిరాయిదారుణ్ణి. దోహాలో ఒక ఇంగ్లిష్ పత్రిక డెస్కులో పని చేస్తూ, మదీనత్ ఖలీఫాలో ఆయన విల్లా వెనకభాగంలోని రెండు గదుల్లో నా భార్యతో ఉండేవాణ్ణి. పత్రికలో పనిచేస్తానని తెలిసిన రోజునుంచి ఆయన నన్ను "యా సహాఫీ" అనే పిలిచేవాడు, అంటే విలేకరీ అని. ఆయన తండ్రి ఒకప్పుడు బొంబాయితో వ్యాపారం చేసినవాడు. అందుకని ఆయనకు పాతకాలపు బొంబాయి హిందీ బాగా వచ్చు. మా మాటలన్నీ అందులోనే నడిచేవి.

వంటాయనది నిజామాబాద్ దగ్గర చిన్న పట్నం. యాభై దాటిన మనిషి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడు. ఆ కుటుంబంలో చాలా ఏళ్ళుగా ఉన్నాడు. అతను ఖతర్‌లో ఉన్నాడని ఊళ్ళో ఎవరూ అనరు, వాళ్ళకు గల్ఫంతా దుబాయే. "దుబాయ్‌ల అంత మంచిగనేనా?" అని అతని భార్య ఫోన్ స్పీకర్‌లో అడగడం మా గోడ అవతలినుంచి నాకు వినిపించేది. "మంచిగనే" అనేవాడు. ముసలాయన్ను అందరు పనివాళ్ళలాగే బాబా అని పిలిచేవాడు. ఆయన అతన్ని సదీఖ్ అనేవాడు. ఆ మాటకు స్నేహితుడని అర్థం. ఆ దేశంలో టాక్సీ డ్రైవర్‌నూ, రోడ్డు ఊడ్చేవాణ్ణీ కూడా అదే మాటతో పిలుస్తారు కాబట్టి దానికి పెద్ద విలువేం లేదు. ఈ ఇద్దరి మధ్య మాత్రం ఉంది.

విల్లాలో కార్ల షెడ్డు పక్కన, ఒకప్పుడు డ్రైవర్ ఉండే గదిని ముసలాయన తన పనిగదిగా మార్చుకున్నాడు. చిన్న వయసులో చదువు కోసం ఒక చలిదేశంలో ఉన్నప్పుడు తూటాలు తానే నింపుకోవడం నేర్చాడట. పేలిపోయిన ప్లాస్టిక్ తూటా గొట్టాలను ఏరి తెచ్చి, మళ్ళీ తుపాకీమందు, ఆయన మాటలో బారూద్, ఆపైన గుళ్ళు పోసి, మూతి మడిచి, కొత్తవాటిలా చేస్తాడు. బల్లకు బిగించిన చేతిమిషన్ ఒకటి ఉండేది. దాని మీద గరాటులా నిలబడ్డ ముదురు గోధుమరంగు బుడ్డి. పైన మూత తీసి మందు పోస్తారు, కిందినుంచి అది కొంచెం కొంచెంగా తూటాలోకి దిగుతుంది. ఆ రంగు వల్ల లోపల ఎంత ఉందో బయటికి కనిపించదు. వెలుతురు తగిలితే మందు పాడవుతుందని అలా చేస్తారట.

తుపాకీకి లైసెన్సు ఉంది. ఇంట్లో తూటాలు నింపుకోవడం గురించి మాత్రం అంతవరకు ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత వంటాయన చాయ్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళేవాడు. వెళ్ళినవాడు వెంటనే వచ్చేవాడు కాదు. గొట్టాలు తుడవడం, చెడిపోయినవి ఏరి పక్కన పెట్టడం, పని అయ్యాక బుడ్డి ఊడదీసి మిగిలిన మందును డబ్బాలో ఒంపడం అతని పని. ముసలాయనకు మోకాళ్ళు వంగవు. డబ్బాలేమో బల్ల కింది అరలో ఉంటాయి. కొన్ని సాయంత్రాలు నేనూ వెళ్ళి గడప దగ్గర స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆ ఇంట్లో యజమాని, పనివాడు ఒకే ఎత్తు కుర్చీల్లో కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్క గదిలోనే.

"సదీఖ్, ఇవాళ మధ్యాహ్నం ఉప్పు రెండుసార్లు వేశావు," అనేవాడు ముసలాయన, మిషన్ పిడిని కిందికి లాగుతూ. "నేను బారూద్ కొలిచినట్టు నువ్వు ఉప్పు కొలవవెందుకు?"

"బాబా, నా వంట తిని ఇప్పటిదాకా ఎవరూ చావలేదు," అనేవాడు ఇతను, హిందీలోనే.

"చావలేదు. నీళ్ళు తాగి తాగి సగం చచ్చాం."

"మీ తూటా తగిలి ఒక్క పిట్టన్నా చచ్చిందా? మట్టి పళ్ళేలేగా."

ముసలాయన భుజాలు కదిలేలా నవ్వేవాడు. సొంత కొడుకులు ఆయనతో అలా మాట్లాడరు.

ఆ రోజుల్లోనే మా వంటింట్లో ఒక చిన్న సంగతి జరిగింది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ముసలాయన ఇంటికి బియ్యం బస్తాలు వచ్చినప్పుడు కొంత మాకూ ఇచ్చేవారు. వంటాయన ఆ బియ్యం మోసుకొచ్చేసరికి నా భార్య మా బియ్యం డబ్బాను బోర్లించి, లోపల గుడ్డతో తుడుస్తోంది.

"అమ్మా, గట్ల పూరాగ ఊడ్సకున్రి," అన్నాడతను కంగారుగా. "అడుగున ఒక పిడికెడన్న ఉండాలె. దాని మీదనే కొత్తయి పొయ్యాలె. లేకుంటె బర్కత్ పోతది."

"మా అమ్మ కూడా ఇదే అనేది. కానీ పురుగు పట్టిందండీ. పాతవి ఉంచితే కొత్తవాటికీ పడుతుంది."

"పడితె పడనియ్యి. పురుగును ఏరుకోవచ్చు. పోయిన బర్కత్‌ను యాడికెల్లి తెస్తం?"

ఆమె నవ్వి, తీసిపెట్టిన పాతబియ్యంలోంచి ఒక గుప్పెడు మళ్ళీ డబ్బాలో వేసింది. అప్పుడే కారు దిగి వస్తున్న ముసలాయన, ఈ గొడవేమిటని అడిగాడు. బర్కత్, అంటే ఇంటి సమృద్ధి, అన్న మాట వినగానే ఆయన ముఖం విప్పారింది. అది ఆయన భాషలోని మాటే. తన తల్లి ఖర్జూరాల కుండను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసేది కాదనీ, చివరి గుప్పెడు తీయబోతే చేతి మీద కొట్టేదనీ చెప్పాడు. "సదీఖ్ నా తల్లి దగ్గర చదువుకున్నాడు," అన్నాడు నాతో.

అక్కడ ఫుట్‌బాల్ ప్రపంచకప్ అయిపోయిన తర్వాతి చలికాలంలో ఆయనకు కొత్త కోరిక పుట్టింది. తోటలో దూరంనుంచి ఎగరేసే పళ్ళేలను కొట్టాలట. అంతకుముందు వాడే తేలిక తూటాలు అంత దూరం పనికిరావు. దానికోసం ఇంకో రకం మందు తెప్పించాడు. ఆ సాయంత్రం బల్ల మీద కాగితం పరిచి, రెండు డబ్బాల్లోంచీ చెరి కాస్త పోసి మాకు చూపించాడు. రెండూ నల్లగా, పొరలు పొరలుగా, చితక్కొట్టిన మిరియాల్లా ఉన్నాయి.

"తేడా చెప్పు," అన్నాడు నాతో.

నాకు కనిపించలేదు.

"రెండూ ఒక్కటే బాబా," అన్నాడు వంటాయన. "దుకాణపోడు మిమ్మల్ని మోసం చేసిండు."

"చూడ్డానికి ఒకటే. ఈ కొత్తది నెమ్మదిగా కాలుతుంది. ఆ పాతది వడిగా కాలుతుంది. దీన్ని పోసినంత దాన్ని పోస్తే తుపాకీ గొట్టం తట్టుకోదు." ఆయన కాగితాన్ని మడిచి, ఆ కాస్తా కలిసిపోయిన పొడిని బయటికి తీసుకెళ్ళి వాకిట్లోని మొక్కల మట్టిలో పారబోశాడు. "కలిసిందంటే ఇంక విడదీయలేం. పారేయడమే. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి."

ఆ నియమాన్ని ఆయన పాటించేవాడు. అయితే అప్పటికే ఆయన రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకోమని పెద్దకొడుకు పోరుతుంటే, ఎండలు మొదలయ్యాక చూద్దాం, చలికాలం కాస్తా ఆసుపత్రిలో గడపను అని వాయిదా వేస్తూ వచ్చాడు. డబ్బాల మీది అక్షరాలు చదవలేక మూత రంగును బట్టి గుర్తుపట్టేవాడు. ఒకటి ఎరుపు, ఒకటి ముదురు నారింజ.

కొత్తమందుతో మొదటిసారి తూటాలు నింపిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. తోటలో తుపాకీ పగిలింది దానికి తర్వాతి సెలవురోజున.

డాక్టర్లు ఎడమచేతి వేళ్ళలో రెండింటిని కాపాడలేకపోయారు. ఒక కంటి చూపు పోయింది. రెండోదాంట్లో పొర అలాగే ఉంది. ఆయన కాస్త మాట్లాడగలిగే స్థితికి వచ్చాక పోలీసు అధికారి ఒకతను ఆసుపత్రికి వచ్చాడు. కుర్రవాడు, చాలా మర్యాదస్తుడు. ముసలాయన్ను "అమ్మీ" అని, అంటే బాబాయ్ అని పిలుస్తూ ప్రశ్నలు వేశాడు. ప్రమాదం చూసినవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నారు. నేను చూసింది చెప్పాను. మిగిలిన తూటాలు కొన్ని విప్పి చూశారనీ, వాటిలో కొన్నింట్లో ఉండాల్సిన మందు కాక ఇంకోటి, ఇంకొన్నింట్లో రెండూ కలిసి ఉన్నాయనీ అధికారి చెప్పాడు. అది ఎలా జరిగిందన్నదే ఇక ప్రశ్న.

సరిగ్గా అప్పుడే వంటాయన సూపులాంటి శోర్బా ఉన్న ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చాడు. అధికారి అతని వైపు తిరిగి హిందీలో అడిగాడు:

"ఆ గదిలో నువ్వు కూడా పనిచేస్తావా?"

అతను నోరు తెరిచాడు. పేలే సరుకును, ఏ అనుమతీ లేకుండా, ఇంకో దేశంనుంచి వచ్చిన పనివాడు ముట్టుకున్నాడంటే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. జైలు కావచ్చు. ఆ తర్వాత విమానం ఖాయం. మళ్ళీ వీసా ఉండదు.

"వాడా?" అన్నాడు ముసలాయన మంచం మీదనుంచి, అతను మాట్లాడేలోపే. గొంతు నీరసంగా ఉన్నా మాటలు స్పష్టంగా ఉన్నాయి. "వాడు తబ్బాఖ్. వంటింటి మనిషి. ఆ గది గడప తొక్కనివ్వను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మందు పోసేది నేనే, తీసేది నేనే. ఈ కళ్ళతో మొదట పాత డబ్బా ఎత్తి కొంత పోసుంటాను. తర్వాత కొత్తది పోసుంటాను. రాసుకో."

తబ్బాఖ్ అంటే వంటవాడు. అందులో తప్పేం లేదు, అతను వంటవాడే. కానీ అన్నేళ్ళలో ఆయన అతన్ని ఆ మాటతో పిలవడం నేను వినలేదు.

"అంతేనా?" అని అధికారి అతన్ని అడిగాడు.

వంటాయన ఫ్లాస్కును రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. ముసలాయన అతని వైపు చూడలేదు, పైకప్పు చూస్తున్నాడు.

"ఐవా," అన్నాడతను. అవునని.

నన్ను గది గురించి ఏమీ అడగలేదు. సంతకం పెట్టించుకుని పంపేశారు. ఆ వారం మా పత్రిక డెస్కుకు ఆ వార్త వచ్చింది. దేశానికి ఉత్తరాన ఒక తోటలో తుపాకీ పగిలి వృద్ధుడికి గాయాలు, మందు పొరపాటున కలిసినట్టు భావిస్తున్నారు అని, రెండు వాక్యాలు. నా ముందుకే వచ్చింది. అందులో దిద్దడానికి ఏమీ లేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వంటాయన మా వెనక మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. అది అతను పనిగదిలో ఉండే వేళ. చేతిలో చాయ్ గ్లాసు ఉంది, తాగడం లేదు.

"సార్, ఒక ముచ్చట చెప్పుకుంట. పేపర్ల రాయరు కద?"

"రాయను భాయ్."

"మొన్న కొత్త బారూద్ పోసినం గద. దానికి ముందటిసారి, పాతదానితోని నింపినంక, బుడ్డి నేనే ఊడదీసిన. డబ్బల ఒంపిన. పూరాగ ఒంపిన్నా, అడుగున ఇంత ఇడిసిపెట్టిన్నా... నాకు యాదికి లేదు."

"ఎందుకు వదిలేస్తారు?"

అతను నా వైపు చూశాడు. ఆ చూపుతోనే నాకు బియ్యం డబ్బా గుర్తొచ్చింది.

"చేతికి అలవాటైపోయింది సార్. బియ్యమైనా, పప్పైనా, చాయ్‌పత్తా ఐనా, డబ్బ బోర్లిస్తుంటె చెయ్యే ఆగుతది. చెయ్యి ఏం జేసిందో తలకాయకు తెల్వది. ఇన్నేండ్లు ఒక్కటే రకం బారూద్ ఉండె. అడుగున ఉంటె ఏమాయె, దాని మీదనే అదే పోస్తుండె. ఏం కాలే."

"బాబాకు తెలుసా?"

"ఒకసారి చూసిండు. తిట్టిండు గూడ. 'ఇది నీ బియ్యం డబ్బా కాదురా, మొత్తం ఖాళీ చెయ్' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. సరే బాబా అన్న. అప్పటిసంది పూరాగనే ఒంపుతున్ననని అనుకుంటున్న. గని ఆ దినం ఒంపిన్నా? ఎంత యాది చేసుకున్నా, డబ్బకు మూత పెట్టింది యాదికస్తది. బుడ్డి లోపల చూసిన్నా అంటె, చూసినట్టు లేదు."

అడుగున మిగిలిందే ముందు కిందికి దిగుతుంది. అంటే మొదట నింపిన తూటాల్లో ఉండేది పాతమందే, కొత్తమందు కొలతలో. ఇది నేను చెప్పాల్సిన పనిలేదు, అతనికి తెలుసు. ముసలాయన మొదట పాత డబ్బాలోంచి పోసినా సరిగ్గా ఇలాగే అవుతుంది. అదీ అతనికి తెలుసు.

"ఆయన చెప్పిందే నిజమేమో," అన్నాను. "కళ్ళు కనపడవు కదా."

"అయితె మంచిదే. కాకుంటె? నేను చేసినదానికి ఆయన, తన చెయ్యి, తన కన్ను, మీదికెల్లి తప్పు గూడ తనదే అని రాయించుకున్నడు. అడుగుదామంటె ఎట్ల అడగాలె? ఆ గదిలకే నేను పోలేదని చెప్పినంక, ఆ గదిల నేనేం జేసిన్నో ఎట్ల అడగాలె?"

చాయ్ గ్లాసును మెట్టు మీద పెట్టాడు.

"తెల్సుకునే తొవ్వ ఒకటున్నది సార్. కొత్తదానితోని నింపిన దినం గూడ, పని అయినంక నేనే ఒంపిన. మిగిలింది కొత్త డబ్బల పోసిన. ఆ దినం సంది బుడ్డిని ఎవ్వరు ముట్టలే. పోలీసులు డబ్బలు తీస్కపోయిండ్రు, తూటాలు తీస్కపోయిండ్రు, మిషన్‌కు ఫోటోలు తీస్కొని పోయిండ్రు. బుడ్డి మూత తీసి చూస్తె తెల్సిపోతది. లోపల పిడికెడు ఉన్నదంటె, నా చెయ్యి ఇంక అట్లనే చేస్తున్నట్టు. లేదంటె..."

గది తాళం అప్పటికే పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గదిలోకి ఎన్నడూ అడుగుపెట్టని వంటవాడు ఆ తాళం అడగడమెలా?

ముసలాయన ఇంటికి వచ్చాడు. వాకిట్లో చక్రాల కుర్చీలో కూర్చునేవాడు. అసర్ తర్వాత వంటాయన చాయ్ తెచ్చి, పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టి, వెళ్ళిపోయేవాడు. కూర్చోవడానికి అక్కడ రెండో కుర్చీ లేదు. ఆయనా కూర్చోమనలేదు. చుట్టూ కొడుకులు, కోడళ్ళు, మనవలు. ఆసుపత్రిలో చెప్పిన మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని కాపాడాలంటే వాళ్ళిద్దరూ యజమాని, వంటవాడు మాత్రమే అయి ఉండాలి. నెమ్మదిగా అలాగే అయిపోయారు. సదీఖ్ అన్న మాట నాకు మళ్ళీ వినిపించలేదు. ఉప్పు ఎక్కువైనా ఆయన ఏమీ అనడం లేదని వంటాయనే ఒకసారి చెప్పాడు. "నిన్న కావాల్నని ఎక్కువేసిన సార్. మెల్లగ తిని లేసిండు."

నేను ఇల్లు ఖాళీ చేసే ముందు ముసలాయన దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. కాసేపు నా కొత్త ఇంటి గురించి, పత్రిక గురించి అడిగాడు. తర్వాత ఉన్నట్టుండి అన్నాడు:

"యా సహాఫీ, మీ దేశంలో అందరూ అలా చేస్తారా? బియ్యం డబ్బా అడుగున వదిలేయడం?"

"చాలా ఇళ్ళల్లో చేస్తారు."

"నీ భార్య?"

"చేస్తుంది."

ఆయన తల ఊపాడు. బాగున్న కంటితో, అంటే బాగున్నదనుకునే కంటితో, వంటింటి కిటికీ వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడవుతోంది.

"మంచి అలవాటు," అన్నాడు. "మానుకోవద్దని చెప్పు."

నా భార్యకు చెప్పమన్నాడో, ఇంకెవరికైనా చెప్పమన్నాడో తెలియలేదు. అడిగే లోపల పెద్దకొడుకు వచ్చాడు, మాట మందుల వైపు మళ్ళింది. జీవితమంతా ఎదుటివాళ్ళు చెప్పింది విని రాసుకునే పనిలో గడిపాను. ఒక మనిషి తెలిసి అబద్ధం చెబుతున్నాడా, తాను నమ్మిందే చెబుతున్నాడా అన్నది మామూలుగా నాకు దొరుకుతుంది. ఆయన దగ్గర దొరకలేదు.

ఆ మాటను వంటాయనకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నేను మానుకున్న సార్," అన్నాడతను. "బియ్యం డబ్బ పూరాగ ఒంపి, కడిగి, ఎండల పెట్టి, అప్పుడు పోస్తున్న. మా ఇంటిదానికి చెప్పలే. చెప్తె కొడ్తది."

నవ్వబోయాడు.

ఇప్పుడు ముసలాయన అల్ ఖోర్‌లో పెద్దకొడుకు ఇంట్లో ఉంటున్నాడు. వంటాయన కూడా అక్కడే, ఆ వంటింట్లోనే ఉన్నాడు. రోజూ ఆయన పళ్ళెంలో అన్నం పెట్టేది అతనే. ఎడమచేతితో పళ్ళెం ఆపుకోలేడు కాబట్టి ఒక పక్క పట్టుకుని నిలబడేదీ అతనే. మదీనత్ ఖలీఫా విల్లా ముందుభాగాన్ని కూడా కిరాయికిచ్చారు. తుపాకీ ముక్కలు పోలీసుల దగ్గరే ఉన్నాయి. షెడ్డు పక్క గది మాత్రం కిరాయివాళ్ళకు ఇవ్వలేదు. తాళం వేసి ఉంది. లోపల మిషన్, మిషన్ మీద బుడ్డి అలాగే ఉన్నాయని పెద్దకొడుకు మొన్న ఎక్కడో కలిసినప్పుడు చెప్పాడు. ఆ తాళం తీయమని వాళ్ళిద్దరిలో ఎవరూ ఇంతవరకు అతన్ని అడగలేదు.